ఒక ఖాతా, ఒక అడ్వాన్సు, మధ్యలో మనం

ప్రతి హాస్టల్‌కీ ఒక డీల్స్ గ్రూపు ఉంటుంది. ఇంటర్నల్స్ ముందు రోజు క్లాస్ గ్రూపు మూగబోయినా ఇది మాత్రం మోగుతూనే ఉంటుంది. "ఫలానా బట్టల షాపు వోచర్ మీద 8 శాతం తగ్గింపు, ఈ రోజే లాస్ట్", "ఆ కార్డుతో కొంటే పైన ఇంకో 5 శాతం, తొందరగా పట్టండి మామా". సెమ్ మొత్తంలో ఒక్కసారి కూడా ఎక్సెల్ తెరవనివాడు ఈ విషయానికి మాత్రం షీట్ తయారు చేసి పెట్టుకుంటాడు. దీనికి ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు స్టాకింగ్. అంటే తగ్గింపు మీద తగ్గింపు పేర్చడం. మన ఇడ్లీ పాత్రలో రేకుల మాదిరి.

ఈ వ్యాసం ఆ పద్ధతిని తిట్టడానికి కాదు. లెక్క నిజమే, దొంగతనం కాదు, చట్టవిరుద్ధమూ కాదు. నేనడిగేది ఒక్కటే. ఆ లెక్కలో మనం ఏ వైపు నిలబడ్డామో తెలుసుకుని ఆడుతున్నామా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: సొంత డబ్బు, సొంత పేరు, సొంత అవసరం ఉన్నవాడికి ఇది మంచి అలవాటు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి అరువుదైనా, ఆ పది శాతం మన ఇంటికి చాలా ఖరీదుగా వస్తుంది.

లెక్క ముందు చూద్దాం

ఒక షాపులో 10,000 రూపాయల సామాను కొనాలి అనుకోండి. ఆ షాపు గిఫ్ట్ కార్డు 5 శాతం తక్కువకి దొరికింది. అంటే 9,500 కడితే 10,000 విలువైన కార్డు చేతికొస్తుంది. ఆ 9,500ను 5 శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే క్రెడిట్ కార్డుతో కట్టారు. వెనక్కి వచ్చేది 475. చివరికి జేబులోంచి పోయింది 9,025. ఐదు, ఐదు కలిస్తే పది కదా అంటారు చాలామంది. కాదు, 9.75. రెండో తగ్గింపు మిగిలిన దాని మీదే పడుతుంది కాబట్టి 0.95ను 0.95తో గుణించాలి. ఎం-వన్ పాసైన వాళ్ళం, ఆ మాత్రం గుర్తుండాలి.

అదే షాపులో 20 శాతం సేల్ కూడా నడుస్తుంటే 10,000 సామాను 8,000కి వస్తుంది, దాన్ని వోచర్‌తో కడితే మనకు పడేది 7,220. బాగుంది. ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఇక్కడ కాగితం మీద కనిపించని కొన్ని ముళ్ళున్నాయి. చాలా కార్డుల్లో వాలెట్ లోడింగ్, పెట్రోలు, అద్దె లాంటి వాటికి రివార్డులు రావు. కొన్నిట్లో గిఫ్ట్ కార్డు కొనుగోళ్ళకీ రావు. వచ్చినా నెలకింత అని పరిమితి ఉంటుంది. వ్యాపారానికి కార్డు నెట్‌వర్క్ ఇచ్చే కోడ్ నంబరును బట్టి బ్యాంకు తేలుస్తుంది, మనం ఏం కొన్నామో అనుకున్న దాన్ని బట్టి కాదు. పాయింట్లయితే మరో చిక్కు: ఒక పాయింటు విలువ రూపాయా, పావలానా అన్నది ఎలా వాడుకుంటామన్న దాన్ని బట్టి మారిపోతుంది. బ్యాంకు తలచుకుంటే నిబంధన మార్చగలదు కూడా. అందుకే గ్రూపులో ఎవడో పెట్టిన స్క్రీన్‌షాట్ కన్నా కార్డు నిబంధనల పేజీనే నమ్మాలి.

ఈ ఆటలో మొనగాడు మన బిరాదరీ వాడే, సివిల్ ఇంజనీరు. అమెరికాలో 1999లో డేవిడ్ ఫిలిప్స్ అనే ఆయన ఒక ఆహార కంపెనీ ఆఫరు నిబంధనలు జాగ్రత్తగా చదివాడు. వాళ్ళ ఉత్పత్తుల బార్‌కోడ్లు పంపితే విమాన మైళ్ళు ఇస్తామన్నారు. అన్నిట్లోకీ చవకైనది పావు డాలరు పుడ్డింగ్ కప్పు. 3,140 డాలర్లు పెట్టి 12,150 కప్పులు కొని, 12 లక్షలకు పైగా మైళ్ళు సంపాదించాడు. అన్ని పుడ్డింగులు తినలేక సేవాసంస్థకిచ్చి, బార్‌కోడ్లు ఒలిచే పని వాళ్ళతో చేయించుకున్నాడు. పైగా ఆ దానానికి పన్ను మినహాయింపు కూడా తీసుకున్నాడు! ఆ తర్వాత కొన్నేళ్ళకు అమెరికా టంకశాల డాలరు నాణేలను ముఖవిలువకే, రవాణా ఖర్చు లేకుండా, ఇంటికి పంపుతుంటే జనం క్రెడిట్ కార్డుతో కొని, నేరుగా బ్యాంకులో జమ చేసి, అదే డబ్బుతో కార్డు బిల్లు కట్టి, మైళ్ళు మిగుల్చుకున్నారు. 2011లో టంకశాల ఆ పథకానికి కార్డులు తీసుకోవడం మానేసింది. ఏ లొసుగైనా అంతే. అందరికీ తెలిసిన రోజున మూసుకుపోతుంది. మన గ్రూపులోకి వచ్చిందంటే సగం మూసుకుపోయినట్టే.

ఈ డబ్బు ఎక్కడిది?

"బ్యాంకు ఇస్తోంది, మనం తీసుకుంటున్నాం, మధ్యలో నీకేంటి నొప్పి?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. సరే, బ్యాంకుకి ఎక్కడిది?

గిఫ్ట్ కార్డు సంగతి ముందు. షాపువాడు 10,000 కార్డుని 9,500కి ఎందుకమ్ముతాడు? మొదటిది, సరుకు ఇవ్వకముందే డబ్బు చేతికొస్తుంది. రెండోది, కార్డు ఉన్నవాడు వేరే షాపుకి పోడు. మూడోది, కార్డులో 2,000 ఉంటే మనం సరిగ్గా 2,000కి కొనం, 2,350కి కొంటాం, లేదంటే 1,870కి కొని మిగిలిన 130 మరిచిపోతాం. నాలుగోది, కొన్ని కార్డులు అసలు ఎవరూ వాడరు. గడువు తీరిపోతుంది. ఆ వ్యాపారంలో దీన్ని బ్రేకేజ్ అంటారు. మన మతిమరుపు వాళ్ళ ఆదాయం అన్నమాట.

ఇక క్రెడిట్ కార్డు. మనం గీకిన ప్రతిసారీ షాపువాడు అమ్మకంలో సుమారు 2 శాతం వదులుకోవాలి. అందులో ఎక్కువ భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకి వెళుతుంది. అదే బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో కడితే 2020 జనవరి నుంచి షాపువాడి మీద ఆ భారం లేదు. ఆ 2 శాతాన్ని వ్యాపారి తన ఇంట్లోంచి తెచ్చివ్వడు, ధరలో కలుపుతాడు. ఆ ధర కార్డు లేనివాడూ కడతాడు. బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో అమెరికా లెక్క తీస్తే, నగదుతో కొనే కుటుంబం ఏడాదికి సగటున 149 డాలర్లు పోగొట్టుకుంటోందని, కార్డు వాడే కుటుంబానికి 1,133 డాలర్లు కలిసొస్తోందని తేలింది. ఆ అంకెలు మనవి కావు, కానీ యంత్రం అదే.

రెండో ఊట ఇంకా పెద్దది, వడ్డీ. మన దేశంలో చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 శాతం చుట్టూ ఉంటుంది, అంటే ఏడాదికి 42. దాని మీద 18 శాతం జీఎస్టీ. ఏడాదికి 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ పైకప్పు కూడా లేదు.

ఇదంతా అర్థం కావాలంటే మన ఇళ్ళల్లో ఉన్న చిట్టీ పాటే చాలు. అమ్మ వేసే చిట్టీలో ప్రతి నెలా పాట జరుగుతుంది. పిల్ల పెళ్ళో, ఆస్పత్రి ఖర్చో వచ్చినవాడు ఎక్కువ తగ్గించి పాడతాడు. వాడు వదులుకున్న డబ్బే మిగతా వాళ్ళకి డివిడెండుగా పడుతుంది. చివరిదాకా ఆగగలిగినవాడే అందరికన్నా లాభపడతాడు. క్రెడిట్ కార్డు రివార్డులు కూడా అంతే. గడువులోపు పూర్తిగా కట్టగలిగినవాడికి వచ్చే క్యాష్‌బ్యాక్‌లో కొంత కట్టలేనివాడి వడ్డీలోంచి వస్తుంది. తేడా ఒక్కటే. చిట్టీలో ఎవరి అవసరం మనకు లాభమైందో ఎదురుగా కూర్చుని చూస్తాం. కార్డులో ఆ మనిషి కనబడడు. కనబడడు కాబట్టి లేడనుకుంటాం. ఒకవేళ ఆ మనిషి మనమే అయితే?

ఖాతా, అడ్వాన్సు

ఊళ్ళో కిరాణా కొట్లో నాన్నకి ఖాతా ఉంటుంది. సరుకు ముందు, డబ్బు తర్వాత. కొట్టువాడు మనల్ని నమ్ముతాడు. క్రెడిట్ కార్డు అదే ఖాతా, కాకపోతే నమ్మేది బ్యాంకు. గిఫ్ట్ కార్డు దానికి సరిగ్గా తలకిందులు. డబ్బు ముందు, సరుకు తర్వాత. ఇక్కడ నమ్మాల్సింది మనం.

రెండూ కలిపి చూడండి. బ్యాంకు దగ్గర అప్పు చేసి, షాపువాడికి అడ్వాన్సు ఇస్తున్నాం. అప్పు మన పేరు మీద, నమ్మకమూ మన నెత్తి మీదే. మధ్యలో రెండు పక్కలా రిస్కు మోస్తున్నందుకు ఇచ్చే కూలి ఆ 9.75 శాతం. అలా చూస్తే అది ఊరికే వచ్చిన డబ్బు కాదని తెలుస్తుంది.

నమ్మకం పోయిన సందర్భాలూ ఉన్నాయి. 2008లో అమెరికాలో షార్పర్ ఇమేజ్ అనే పెద్ద షాపుల గొలుసు దివాలా తీసి, గిఫ్ట్ కార్డులు తీసుకోవడం ఆపేసింది. తర్వాత మళ్ళీ తీసుకుంటాం అంది, కానీ కార్డు విలువకి రెట్టింపు కొంటేనే. మన దగ్గర బ్యాంకులు, వాలెట్ కంపెనీలు ఇచ్చే గిఫ్ట్ కార్డులకు ఆర్‌బీఐ నిబంధనలున్నాయి: ఒక్కోటి 10,000 దాటకూడదు, గడువు కనీసం ఏడాది ఉండాలి. కానీ ఒక షాపువాడు తన షాపులో వాడుకోవడానికి మాత్రమే ఇచ్చే కార్డుకి ఆర్‌బీఐ అనుమతే అక్కర్లేదు. గడువు ఎంతో వెనకాల చిన్న అక్షరాల్లో మనమే చూసుకోవాలి.

ఇంకో చిన్న మెలిక. వోచర్‌తో కొన్న చొక్కా సైజు సరిపోక వాపసిస్తే, డబ్బు సాధారణంగా బ్యాంకు ఖాతాకి రాదు, మళ్ళీ వోచర్‌గానే వస్తుంది. మీరు మాత్రం కార్డు బిల్లు రూపాయల్లోనే కట్టాలి. చొక్కా లేదు, చేతిలో డబ్బూ లేదు, ఆ షాపులోనే పనిచేసే ఒక అంకె మాత్రం ఉంది. నెలాఖరున మెస్ బిల్లుకి ఆ అంకె పనికిరాదు.

అసలు ప్రమాదం నాన్న పేరులో ఉంది

ఇప్పటిదాకా చెప్పినవి చిల్లర నష్టాలు. ఈ వ్యాసం రాయడానికి కారణం వేరే.

మనలో ఎక్కువమందికి ఆదాయం లేదు. మరి కార్డులు ఎలా వస్తున్నాయి? ఒకటి, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు, 18 నిండితే చాలు. రెండోది, నాన్నదో అమ్మదో కార్డు మీద తీసుకున్న యాడ్-ఆన్ కార్డు. దాని మీద మన పేరే అచ్చయి ఉంటుంది కానీ అప్పు మాత్రం అసలు కార్డు ఉన్నవాళ్ళది.

వింగ్ మొత్తానికి ఒకడి దగ్గరే కార్డు ఉంటుంది. అందరి కొనుగోళ్ళూ వాడే గీకుతాడు. "క్యాష్‌బ్యాక్ నీకు, సరుకు మాకు, డబ్బు ఫోన్‌పే చేస్తాం" అని ఒప్పందం. వినడానికి అందరికీ లాభమే. ఒక ఉదాహరణ తీసుకుందాం. రూమ్మేట్‌కి 24,000 ఫోన్ కావాలి. కార్డున్నవాడు 5 శాతం తగ్గింపుకి వోచర్లు కొన్నాడు, 22,800 అయింది. క్యాష్‌బ్యాక్ 1,140 వాడిది. రూమ్మేట్ "సెమ్ బ్రేక్ నుంచి రాగానే ఇచ్చేస్తా మామా" అన్నాడు. బిల్లు వచ్చింది. సెమ్ బ్రేక్ ఇంకా రాలేదు. బిల్లు మీద మినిమమ్ డ్యూ అని ఉంటుంది, మామూలుగా 5 శాతం. లెక్కేయండి: 1,140. సరిగ్గా వచ్చిన క్యాష్‌బ్యాక్ అంతే! అది కట్టేసి హమ్మయ్య అనుకుంటాడు. మిగిలిన 21,660 మీద నెలకు 3.5 శాతం వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి దాదాపు 895 రూపాయలు. అది కూడా బిల్లు గడువు రోజు నుంచి కాదు, కొన్న రోజు నుంచి లెక్కిస్తారు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని రోజులు ఉండవు. అంటే ఆ తర్వాత గీకిన బిర్యానీకీ మొదటి రోజు నుంచే వడ్డీ.

మినిమమ్ కూడా కట్టకుండా గడువు మూడు రోజులు దాటిందంటే లేటు ఫీజు పడుతుంది, క్రెడిట్ బ్యూరోకి సమాచారం వెళుతుంది. 2025 జనవరిలో బ్యాంకులు పదిహేను రోజులకోసారి ఈ వివరాలు పంపడం మొదలుపెట్టాయి. ఎవరి పేరు మీద పంపుతారు? కార్డు అసలుదారు పేరు మీద, అంటే నాన్న పేరు మీద.

ఇప్పుడు దీన్ని మన జీవితాలకి కలిపి చూడండి. బీటెక్ అయ్యాక మనలో చాలామంది చూసేది ఎమ్మెస్ వైపు. దానికి విద్యా రుణం కావాలి. ఆ రుణానికి పక్కన సంతకం పెట్టేది, సహ రుణగ్రహీతగా నిలబడేది నాన్నే. బ్యాంకువాళ్ళు మొదట తెరిచి చూసేది ఆయన సిబిల్ స్కోరు. 300 నుంచి 900 దాకా ఉండే ఆ అంకె మూడేళ్ళ కింద ఎవడి ఫోన్ కోసమో పడిపోయి ఉంటే? పంట రుణం తప్ప మరో అప్పు ఎరగని మనిషికి, తన పేరు మీద మచ్చ ఉందని బ్యాంకు కౌంటర్ దగ్గర తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. రూమ్మేట్ చెడ్డవాడు కాకపోవచ్చు. వాడింట్లోనూ ఆ నెల డబ్బు అందకపోయి ఉండొచ్చు. అయినా నష్టం మాత్రం నాన్నదే, 1,140 రూపాయల కోసం.

నిజానికి నష్టపోయేది నాన్న ఒక్కడే కాదు, ఆ స్నేహం కూడా. మెస్‌లో ఎదురుపడినప్పుడల్లా ఒకడు బాకీ గుర్తుచేయలేక, ఇంకొకడు తలెత్తలేక తిరుగుతుంటారు. ఏ బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ ఆ ఖర్చు కనబడదు.

మోసగాళ్ళకీ ఇష్టమైన సరుకు

గిఫ్ట్ కార్డు అంటే ఒక కోడ్, అంతే. అది చెప్పినవాడిదే డబ్బు. అందుకే మోసాలు చేసేవాళ్ళకి అది నగదు కన్నా ముద్దు. హెచ్ఓడీ ఫోటో, పేరు పెట్టుకున్న కొత్త నంబరు నుంచి "మీటింగ్‌లో ఉన్నాను, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని కోడ్లు పంపు, సాయంత్రం ఇచ్చేస్తాను" అని మెసేజ్ రావడం ఇప్పుడు దేశమంతా ఉన్నదే. ఏ ప్రొఫెసరూ విద్యార్థిని గిఫ్ట్ కార్డులు అడగడు. అలాగే టెలిగ్రామ్‌లో ముక్కూ మొహం తెలియనివాడు సగం ధరకి అమ్మే వోచర్. షాపువాడే 5, 8 శాతం కన్నా ఎక్కువ తగ్గించలేనప్పుడు వీడు 50 ఎలా తగ్గిస్తున్నాడు? కోడ్ అప్పటికే వాడేసిందైనా అయ్యుండాలి, దొంగ కార్డుతో కొన్నదైనా అయ్యుండాలి. ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతామన్న సామెత మన కోసం పుట్టినట్టు ప్రవర్తించక్కర్లేదు.

మరి మానేద్దామా?

అక్కర్లేదు. కొన్ని హద్దులు పెట్టుకుంటే చాలు.

కార్డు కావాలనుకుంటే యాడ్-ఆన్ కన్నా ఎఫ్‌డీ మీద సొంత పేరుతో తీసుకోవడం మేలు. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ వచ్చినప్పుడు ఒక పదిహేనో ఇరవయ్యో వేలు డిపాజిట్ చేస్తే చాలు. స్కోరు పెరిగినా తరిగినా మనదే. గీకేముందు అంత డబ్బు ఖాతాలో ఇప్పుడే ఉందో లేదో చూసుకోవాలి, "వచ్చే నెల వస్తుంది" అన్నది లెక్కలోకి రాదు. ఆటో డెబిట్ మొత్తం బిల్లుకి పెట్టాలి, మినిమమ్‌కి కాదు. వోచర్ ముందు కొని తర్వాత ఏం కొందామా అని వెతకడం కాకుండా, కొనాల్సింది కార్టులో పెట్టుకున్నాకే, అంత మొత్తానికే వోచర్ తీసుకోవాలి. ఇతరుల కోసం గీకితే ముందు డబ్బు, తర్వాత స్వైప్. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పగలిగినవాడే మంచి స్నేహితుడు.

చివరగా, ఎంత మిగులుతుందో కూడా ఒకసారి నిజాయితీగా చూసుకుందాం. మెస్ బిల్లు, కాలేజీ ఫీజు వోచర్లతో కట్టలేం. మామూలు విద్యార్థికి వోచర్లు పనిచేసే ఖర్చు, అంటే ఫుడ్ ఆర్డర్లు, బట్టలు, రీఛార్జ్, నెలకు ఒక 2,000 అనుకుందాం. అందులో 9.75 శాతం 195 రూపాయలు. దాని కోసం రోజుకి అరగంట గ్రూపులు తిరిగేస్తే నెలకు పదిహేను గంటలు, గంటకి 13 రూపాయల కూలి. పదిహేను గంటల్లో డేటా స్ట్రక్చర్స్‌లో ఒక యూనిట్ అయిపోతుంది. పైగా ఆ 195 మిగలాలంటే 2,000 నిజంగా అవసరమైన ఖర్చై ఉండాలి. ఆఫరు ఉందని మాత్రమే కొన్న 600 రూపాయల వస్తువు ఒక్కటి చాలు, మూడు నెలల స్టాకింగ్ తుడిచిపెట్టుకుపోతుంది.

డేవిడ్ ఫిలిప్స్ పుడ్డింగులు కొనేముందు చేసిన పని ఒక్కటే: నిబంధనలు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడం. మన ఇంజనీరింగ్ బుర్రకి అది పెద్ద కష్టం కాదు. కాకపోతే ఆయనకు చదవాల్సింది ఒక్క కాగితమే. మనకు రెండున్నాయి. ఒకటి బ్యాంకు ఇచ్చింది. రెండోది ఎక్కడా రాసి లేదు. యాడ్-ఆన్ ఫారం మీద సంతకం పెడుతూ, ఏ షరతూ చదవకుండా, మన వాడే కదా అని నాన్న మనకు ఇచ్చిన నమ్మకం అది. దానికి క్యాష్‌బ్యాక్ లేదు.